మళ్లీ ట్రైనింగా అని అడిగిన తల్లిగారికి



ఈ నెల మూడో శనివారం హాఫ్ డే అని స్కూల్ యాప్‌లో సర్క్యులర్ పెట్టిన పది నిమిషాలకే మా సెక్షన్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "మళ్లీ టీచర్లకి ట్రైనింగా? పోర్షన్ ఎప్పుడు పూర్తి చేస్తారు మేడమ్?" దాని కింద వరసగా ఏడు బొటనవేళ్లు. అడిగిన తల్లిగారిని తప్పు పట్టను. టర్మ్ ఫీజు కట్టేది మీరు, మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆఫీసులో పర్మిషన్ అడిగి స్కూలు గేటు దగ్గరికి పరుగెత్తేదీ మీరే. గ్రూపులో జవాబు టైప్ చేశాను, చెరిపేశాను, మళ్లీ టైప్ చేశాను. అది గ్రూపు మెసేజ్‌లో ఇమిడే విషయం కాదని అర్థమై ఈ నెల పేజీ అడిగి తీసుకున్నాను.

ముందుగా, ఆ రోజు జరిగేది కొత్త డిజిటల్ బోర్డు ఎలా వాడాలనో, ప్రశ్నపత్రం ఎలా తయారు చేయాలనో నేర్పే ట్రైనింగ్ కాదు. పిల్లల మానసిక ఆరోగ్యం గురించి. టీచర్లం, మా కౌన్సెలర్, వైస్ ప్రిన్సిపల్, పీఈటీ సార్, స్కూలు నర్సు, బయటి నుంచి వచ్చే ఒక సైకియాట్రిస్టు, అందరం ఒకే గదిలో కూర్చుంటాం. నా దృష్టిలో ఆ "ఒకే గది" అన్నదే ఇందులో అసలు సంగతి. ఎందుకో చెప్పాలంటే నేను ఇంతకు ముందు పనిచేసిన స్కూల్లో జరిగినది చెప్పాలి. ఆ స్కూలు పేరు, ఊరు అవసరం లేదు. పాప వివరాలు గుర్తుపట్టకుండా కొంచెం మార్చాను.

ఎనిమిదో తరగతి. నా ఇంగ్లిష్ క్లాసులో మూడో బెంచీ. సోమవారం వచ్చిందంటే "మేడమ్, కడుపు నొప్పి" అనేది. మా స్కూల్లో వీకెండ్ టెస్ట్ మార్కులు సోమవారం మొదటి పీరియడ్‌లో చదివేవాళ్లం. గట్టిగా, పేరు పిలిచి, అందరి ముందు. అప్పట్లో అది నాకు తప్పుగా అనిపించలేదు. నేను చదువుకున్న స్కూల్లోనూ అలాగే చదివారు మరి. పాప మార్కులు మరీ తక్కువేమీ కాదు. అందుకే నాకు అది నటన అనిపించింది. డైరీలో ఎర్ర ఇంకుతో రాశాను: తరచూ సాకులు చెబుతోంది, చదువు మీద శ్రద్ధ పెట్టాలి. ఆ వాక్యం ఇప్పటికీ నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

తల్లిగారు పాపను పిల్లల డాక్టరుకి చూపించారు. స్కానింగ్ నార్మల్, పురుగుల మందు రాసిచ్చారు. స్కూలు కౌన్సెలర్ ఒకసారి పిలిచి మాట్లాడారు. రిజిస్టర్‌లో "పరీక్షల భయం, శ్వాస వ్యాయామం నేర్పాను" అని రాసుకుని బీరువాలో పెట్టుకున్నారు. ట్యూషన్ మాస్టారు పాప జడ పక్కన జుట్టు పలచబడటం గమనించి, ఏదో ఆడపిల్లల విషయం అనుకుని ఊరుకున్నారట. వాళ్ల అమ్మమ్మగారికి పాప రాత్రి రెండింటికి లేచి కూర్చుంటోందని తెలుసు. దిష్టి తీసి పడుకోబెట్టేవారు.

ఇలా నాలుగు నెలలు. ఐదుగురు పెద్దవాళ్లం. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక్కో ముక్క ఉంది. ఎవరి ముక్క వాళ్ల దగ్గరే ఉంది. ముక్కలు కలిపింది ఎవరో తెలుసా? వ్యాన్ ఆయా. "మేడమ్, ఈ పాప సోమారం సోమారం అదే మలుపు కాడ వాంతి చేసుకుంటది, మంగళారం బాగనే ఉంటది" అని ఒకరోజు నన్ను గేటు దగ్గర ఆపి చెప్పింది. స్కూలు బిల్డింగ్ కనిపించే మలుపు అది. బీఈడీ చేసిన నాకు, సైకాలజీ చదివిన కౌన్సెలర్‌కు అందనిది ఆమెకు అందింది. ఎందుకంటే ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. మేం ముందే పేరు పెట్టేశాం: సాకు, భయం, దిష్టి.

ఆ తర్వాత తల్లిగారిని పిలిచి మాట్లాడటం, సైకియాట్రిస్టును కలవడం, కొన్ని నెలల చికిత్స, ఇవన్నీ జరిగాయి. పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, బాగానే ఉందని విన్నాను. కానీ ఆ నాలుగు నెలలు తిరిగి రావు. అందులో నా వాటా ఆ ఎర్ర ఇంకు.

ఇది ఎక్కడో ఒకచోట జరిగే అరుదైన కథ కాదు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. సగటు లెక్క వేస్తే నలభై మంది ఉన్న సెక్షన్‌కు ముగ్గురు. నా క్లాసులోకి వెళ్లిన ప్రతిసారీ ఆ ముగ్గురు ఎవరా అని చూడటం మొదలుపెట్టాను. అలా వెతకడమూ తప్పేనని తర్వాత తెలిసింది. దాని గురించి కాసేపట్లో చెబుతాను.

ఇంకో వైపు చూడండి. మన దేశంలో లక్ష మంది జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. పిల్లల సైకియాట్రిస్టులు మరీ తక్కువ. కాబట్టి ప్రతి పిల్లా పిల్లవాడినీ స్పెషలిస్టు చూడటం జరిగే పని కాదు. మధ్యలో ఉన్నవాళ్లకు, అంటే కౌన్సెలర్లకు, నర్సులకు, సోషల్ వర్కర్లకు, మాలాంటి టీచర్లకు ఎవరి స్థాయికి తగ్గ శిక్షణ వాళ్లకు ఇచ్చి, వాళ్లను స్పెషలిస్టుతో కలిపి ఉంచడం ఒక్కటే దారి.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. మన అనంతపురం, కర్నూలు జిల్లాలకు ఆనుకుని ఉన్న బళ్లారిలోనే 1980లలో దీన్ని చేసి చూశారు. అప్పట్లో దాదాపు ఇరవై లక్షల జనాభా ఉన్న జిల్లా. నిమ్‌హాన్స్ వాళ్లు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు మానసిక జబ్బుల గురించి శిక్షణ ఇచ్చారు. పుస్తకంలో ఉన్న జబ్బులన్నీ నేర్పలేదు. మూర్ఛ, తీవ్రమైన మానసిక వ్యాధులు లాంటి కొన్నింటిని ఎలా గుర్తుపట్టాలి, ఏ మందు ఇవ్వాలి, ఎప్పుడు పైకి పంపాలి, అంతే. జిల్లా స్థాయిలో ఒక టీమ్‌ను వెనక నిలబెట్టారు. ఊళ్లో కార్యకర్తకు అనుమానం వస్తే అడగడానికి డాక్టరు, డాక్టరుకు అనుమానం వస్తే అడగడానికి జిల్లా టీమ్. ఆ నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశవ్యాప్తంగా మొదలైంది. మొదటి విడతలో ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి.

బళ్లారి గురించి చదివినప్పుడు నాకు నచ్చిన విషయం, శిక్షణ ఇచ్చి వదిలేయకపోవడం. సర్టిఫికెట్ చేతిలో పెట్టి, గ్రూప్ ఫోటో తీసి, సమోసా పెట్టి పంపించేస్తే రెండు నెలల్లో నేర్చుకున్నది ఆవిరైపోతుంది. ఇది మా టీచర్లందరికీ తెలిసిన నిజం. వెనక అడగడానికి ఒక మనిషి ఉంటేనే అది నిలుస్తుంది.

టెలీ మానస్ కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్, నంబరు 14416. రోజుకు 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ ఎత్తేది శిక్షణ పొందిన కౌన్సెలర్. అక్కడితో సరిపోని పరిస్థితి అయితే ఆ కౌన్సెలరే స్పెషలిస్టుకు కలుపుతారు, అవసరమైతే ఆస్పత్రికి. దయచేసి ఈ నంబరు మీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. పిల్లల కోసం మాత్రమే కాదు, పెద్దలూ చేయొచ్చు.

ఇక చట్టం సంగతి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నీ వీటి కిందికి వస్తాయి. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. బోధన సిబ్బందికీ, బోధనేతర సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు నిపుణులతో శిక్షణ ఇప్పించాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయకూడదు, అందరి ముందు అవమానించకూడదు. కాబట్టి మీరు అడిగిన ఆ హాఫ్ డే మా సరదా కాదు. ఏడాదికి రెండు అన్నది కనీసం.

"బోధనేతర సిబ్బందికీ" అన్న మాట చదివినప్పుడు నాకు ఆ వ్యాన్ ఆయా గుర్తొచ్చింది.

ట్రైనింగ్ అనగానే మీరు ఊహించుకునేది నాకు తెలుసు. ఒక మోటివేషనల్ స్పీకర్, చెవికి మైకు, వెనక పీపీటీలో గద్ద ఎగురుతూ ఉంటుంది, మధ్యమధ్యలో చప్పట్లు. అలాంటివి నేనూ చాలా విన్నాను. విన్నప్పుడు బాగుంటుంది. సోమవారం మొదటి పీరియడ్‌కు వెళ్లాక ఏం చేయాలో మాత్రం తెలియదు. అలాంటి ట్రైనింగ్ కోసమే హాఫ్ డే ఇస్తే మీతో పాటు నేనూ ఎనిమిదో బొటనవేలు పెడతాను.

పోయినసారి జరిగింది వేరే రకం. డాక్టరుగారు కుర్చీలో తొమ్మిదో తరగతి అబ్బాయిలా కూర్చున్నారు, నేను టీచర్. "నాకేం వద్దు మేడమ్, వదిలేయండి" అన్నారు ఆయన. నేను మొదలుపెట్టాను. నీకు చాలా భవిష్యత్తు ఉంది నాన్నా, మీ అమ్మానాన్న ఎంత కష్టపడుతున్నారో చూడు, పొద్దున్నే లేచి వాకింగ్ చెయ్యి. రెండు నిమిషాల తర్వాత ఆపి అడిగారు. "మేడమ్, ఈ రెండు నిమిషాల్లో అబ్బాయి ఎన్ని మాటలు మాట్లాడాడు?" వెనక కూర్చున్న మ్యాథ్స్ సార్ లెక్కపెట్టారు. నాలుగు. మొదట అన్న ఆ నాలుగు మాటలే. తర్వాత నోరు తెరిచే సందే నేనివ్వలేదు. ఇంగ్లిష్ టీచర్‌ని, లిజనింగ్ స్కిల్స్‌కు మార్కులు వేసేదాన్ని. సిగ్గుపడ్డాను.

ఆ రోజు నేర్పినది పెద్ద శాస్త్రమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ పుస్తకంలో ఉన్న మూడు పనులు. చూడటం, వినడం, కలపడం. ప్రథమ చికిత్స అంటే తెలుసు కదా, కాలు విరిగిన వాడికి మనం ఆపరేషన్ చేయం. కదలకుండా చూసి, ధైర్యం చెప్పి, ఆస్పత్రికి చేరుస్తాం. ఇదీ అంతే. టీచర్ జబ్బుకు పేరు పెట్టకూడదు. ఇందాక "ఆ ముగ్గురు ఎవరా అని వెతకడం తప్పు" అన్నది ఇందుకే. నేను సగం సగం చదివి వీడికి ఏడీహెచ్‌డీ, దీనికి డిప్రెషన్ అని స్టాఫ్ రూమ్‌లో అనేస్తే, ఆ మాట పిల్లల కంటే ముందు పై తరగతికి వెళ్తుంది.

మాకు ఇచ్చిన అభ్యాసాల్లో ఒకటి డైరీ వాక్యాలు మార్చి రాయడం. "బద్ధకంగా ఉంటున్నాడు" అని కాదు, "మూడు రోజులుగా లంచ్ తర్వాత పీరియడ్‌లో తల బల్ల మీద పెట్టుకుంటున్నాడు" అని రాయాలి. "ప్రవర్తన మారింది" అని కాదు, "పక్కన కూర్చునే స్నేహితుణ్ని వదిలి రెండు వారాలుగా చివరి బెంచీలో ఒక్కడే కూర్చుంటున్నాడు" అని. మొదటి రకం వాక్యం చదివితే ఇంట్లో పిల్లవాడికి దెబ్బలు పడతాయి. రెండో రకం చదివితే డాక్టరుకు పనికొస్తుంది. అదే చిత్రం, భాష ఒకటే, ఉపయోగం వేరు. ఆ అభ్యాసం నాకు బీఈడీ రెండేళ్లలో ఎవరూ ఇవ్వలేదు. పియాజే, ఎరిక్సన్ సిద్ధాంతాలు పరీక్షకు బాగానే రాశాను. క్లాసులో చెయ్యి వణుకుతున్న పిల్లతో ఏ మాట మొదట అనాలో మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు.

ఇంకో మాట కూడా ఆ రోజే నేర్చుకున్నాను. మీకూ చెప్పాలి. చనిపోవాలనిపిస్తోందా అని పిల్లలను నెమ్మదిగా, సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని మనందరి భయం. అలా కాదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఇప్పటికే ఉంటే, చెప్పుకోవడానికి ఒక దారి దొరుకుతుంది. అవునని చెబితే ఒంటరిగా వదలకుండా, వాదించకుండా, తిట్టకుండా, వెంటనే సాయం దగ్గరికి తీసుకెళ్లాలి. మామూలు సమయాల్లో పిల్లలు చెప్పింది గుట్టుగా ఉంచే కౌన్సెలర్ కూడా ఆ పరిస్థితిలో తల్లిదండ్రులకు చెప్పి తీరుతారు.

ఇప్పుడు గుట్టు గురించి. ఎందుకంటే కలిసి పనిచేయడం అనగానే మీకు వచ్చే మొదటి భయం ఇదే. "మా పాప విషయం స్కూలంతా తెలిసిపోతుందా?" నిజమైన భయం. "వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి" అన్న మాట ఇప్పటికీ మన క్లాసుల్లో జోకుగా వినిపిస్తుంది. విశాఖ వైపు అయితే చినవాల్తేరు అంటారు. రెండు చోట్లా ఉన్నవి ప్రభుత్వ మానసిక ఆస్పత్రులు, రోజూ ఎంతోమందికి వైద్యం చేస్తున్నవి. వాటి పేర్లు మనం తిట్లుగా వాడుకుంటాం. పిల్లలు ఇంట్లో విన్నదే స్కూల్లో అంటారు. ఈ ఒక్క మాట మీ ఇంట్లో ఆగితే మా కౌన్సెలర్ గది తలుపు తట్టే పిల్లలు పెరుగుతారని నా నమ్మకం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందుతున్న వ్యక్తి వివరాలు గుట్టుగా ఉంచాలని చెబుతోంది. కాబట్టి కలిసి పనిచేయడం అంటే అందరికీ అన్నీ చెప్పడం కాదు. ఎవరి పనికి ఎంత కావాలో అంతే. ఉదాహరణకు, ఒక బాబు గురించి నాకు కౌన్సెలర్ చెప్పవలసింది ఇంత: తలుపు దగ్గర సీటు ఇవ్వండి, గట్టిగా చదవమని అనుకోకుండా లేపకండి, బయటికి వెళ్తానంటే ఎందుకని అడగకండి. అంతే. ఇంట్లో ఏం జరిగింది, డాక్టరు ఏమన్నారు అన్నది నాకు అక్కర్లేదు. కౌన్సెలర్‌కు, డాక్టరుకు మధ్య వెళ్లేది మీ సంతకంతో వెళ్లాలి. ఒక్క మినహాయింపు. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పకుండా ఉండే హక్కు మాలో ఎవరికీ లేదు, పరువు పేరుతో ఆపే హక్కు ఎవరికీ లేదు.

కానీ ఒకటి చెప్పనివ్వండి. కొందరు తల్లిదండ్రులు పూర్తిగా దాచేస్తారు. బాబు ఏదో మందు వాడుతుంటాడు, మొదటి వారాల్లో దాని వల్ల మగత వస్తుంది, మాకు తెలియదు. మూడో పీరియడ్‌లో నిద్రపోతే నిలబెడతాం. ఆ రోజు ఆ పిల్లవాడికి మందు మీద, మా మీద, మీ మీద కూడా కోపం వస్తుంది. "టీసీలో రాస్తారేమో", "సెక్షన్ మారుస్తారేమో" అని దాచారని తర్వాత చెప్పారు. ఆ భయం కలగడంలో స్కూళ్ల తప్పు లేదని అనను. నమ్మకం కలిగించాల్సింది ముందు మేమే.

కౌన్సెలర్ అన్న మాట దగ్గర కూడా ఆగాలి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత ఈ విభాగంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది, పరీక్షలు చేసి థెరపీ ఇస్తారు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కుటుంబాన్ని, పరిసరాలను కలిపి చూస్తారు. కౌన్సెలర్ బోర్డు మాత్రం చాలా ఏళ్లుగా ఎవరైనా పెట్టుకోగలిగినది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు, మానసిక ఆరోగ్య సహాయకులను ఒక వర్గంగా చేర్చారు. మంచిదే. అయితే కాగితం మీది అర్హత ఒకటి, గదిలో ఏడుస్తున్న పిల్ల ముందు తోచకపోతే ఫోన్ చేయడానికి ఒక సీనియర్ ఉండటం ఇంకొకటి. చాలా స్కూళ్లలో కౌన్సెలర్ ఒంటరి ఉద్యోగి. ఆమెకు సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు వేస్తారు, పరీక్షల్లో ఇన్విజిలేషన్ వేస్తారు, అడ్మిషన్ల సీజన్‌లో ఫోన్లు చేయిస్తారు. (ఎడిటర్ గారు ఈ వాక్యం ఉంచితే సంతోషం.) రోజంతా పిల్లల బాధలు విని, ఎవరికీ చెప్పుకోలేక, తనే ఉద్యోగం మానేసిన కౌన్సెలర్ ఒకరు నాకు తెలుసు.

అందుకే నేను కోరేది ఇంకొక హాఫ్ డే కాదు. నెలకు ఒక గంట. మన అన్ని బ్రాంచిల కౌన్సెలర్లు వీడియో కాల్‌లో కలవాలి, ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీ సైకియాట్రిస్టు ఉండాలి, పేరు, క్లాసు, బ్రాంచి చెప్పకుండా ఒక్క కేసు చర్చించాలి. ఇది నా కల్పన కాదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో హెపటైటిస్ సి కోసం ప్రాజెక్ట్ ఎకో పేరుతో మొదలుపెట్టిన పద్ధతి ఇది. దూరపు ఊళ్ల డాక్టర్లు ప్రతి వారం వీడియోలో స్పెషలిస్టులతో తమ కేసులు చర్చించి, తామే వైద్యం చేయడం నేర్చుకున్నారు. నిమ్‌హాన్స్ దాన్ని మానసిక ఆరోగ్యానికి వాడుతోంది. ఫిజిక్స్ ఫౌండేషన్ క్లాసును అన్ని బ్రాంచిలకు ఒకేసారి లైవ్ ఇవ్వగలిగిన మనకు, ఆ గంట ఏర్పాటు చేయడానికి కెమెరాలు, ఇంటర్నెట్ కొత్తగా కొనక్కర్లేదు.

దీనికి ఖర్చు ఉంది. డాక్టరుగారి సమయానికి, కౌన్సెలర్‌ను మిగతా పనుల నుంచి తప్పించినప్పుడు ఆ పనులు చేసేవాళ్లకు. ఆ ఖర్చు ఎక్కడి నుంచి అని యాజమాన్యం అడుగుతుంది, అడగడం న్యాయమే. మీరు పీటీఎంలో ర్యాంకుల గురించి అడిగినంత గట్టిగా దీని గురించి అడిగితే జవాబు దొరుకుతుందని నేను చెప్పగలను. మేం పది మంది టీచర్లం అడిగినదానికంటే మీరు ఇద్దరు అడిగినది పైకి త్వరగా వెళ్తుంది. ఈ నెల పీటీఎంలో మార్కుల షీట్ మీద సంతకం పెట్టాక ఒక్క నిమిషం ఆగండి. కౌన్సెలర్ ఉన్నారా అని అడగకండి, ఉన్నారనే చెబుతాం. ఆమెకు తోచనప్పుడు ఎవరిని అడుగుతారు అని అడగండి. వారానికి ఎన్ని గంటలు పూర్తిగా పిల్లలతో గడుపుతారు అని అడగండి. మా క్లాస్ టీచర్ల శిక్షణ ఎప్పుడు జరిగింది, నేర్పింది ఎవరు అని నన్నే అడగండి. డైరీలో నేను రాసిన వాక్యం చూసి చిరాకు వస్తే, "మేడమ్, మీరు ఏం చూశారు?" అని అడగండి.

మరి పోర్షన్ సంగతి? మొదట అడిగిన తల్లిగారికి జవాబు బాకీ ఉంది. ఆ శనివారం పోయే రెండు ఇంగ్లిష్ పీరియడ్లను తర్వాతి వారం లైబ్రరీ పీరియడ్‌లో, గురువారం జీరో అవర్‌లో సర్దుతున్నాను. అర్ధ సంవత్సర పరీక్షకు ముందే ఆరో యూనిట్ పూర్తవుతుంది.

శనివారం వ్యాన్లు 12:45కు బయలుదేరతాయి. పిల్లల్ని దింపి తిరిగి వచ్చాక రెండున్నర నుంచి డ్రైవర్లకు, ఆయాలకు వేరే సెషన్ ఉంది. అది మొదటి లిస్టులో లేదు, అడిగితే పెట్టారు. మీ వ్యాన్ ఆయాతో పొద్దున ఒకసారి మాట్లాడండి. మీ పిల్లలు ఏ మలుపు దగ్గర మాటలు ఆపేస్తారో ఆమెకు తెలిసి ఉండొచ్చు.